ఫోస్టర్ పిల్లలు ఇల్లు మారేటప్పుడు: సామాను, కాగితాలు, కబుర్లు

మీరు అడిగింది ఇదీ: ఏడాదిన్నరగా మీ దగ్గర పెరుగుతున్న పదకొండేళ్ల పాప మూడు వారాల్లో వేరే జిల్లాలోని ఇంకో ఫోస్టర్ కుటుంబానికి (దత్తత కాకుండా, కొంతకాలం పిల్లల్ని తమ ఇంట్లో పెంచే కుటుంబం) వెళ్తోంది. బాలుర హోమ్‌లో ఉన్న ఎనిమిదేళ్ల తమ్ముణ్ణి కూడా వాళ్లే తీసుకుంటామన్నారు కాబట్టి సీడబ్ల్యూసీ (బాలల సంక్షేమ కమిటీ) ఒప్పుకుంది. పాపను చిన్నబుచ్చకుండా ఎలా పంపాలి, ఏమేం సర్దాలి, బడి సంగతి ఏంటి అని.

అక్కాతమ్ముళ్లు ఒకచోట ఉండాలన్న నిర్ణయం సరైనదే. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లోని 44వ సెక్షన్ కూడా తోబుట్టువుల్ని వీలైనంతవరకు ఒకే ఫోస్టర్ కుటుంబంలో ఉంచమంటుంది. కారణం ఎంత మంచిదైనా పిల్లకు మాత్రం అది ఇంకో ఇల్లు పోవడమే. ఈ మార్పుల్లో పిల్లల్ని ఎక్కువగా కుంగదీసేది, తమ ప్రమేయం లేకుండా అన్నీ జరిగిపోవడం. బట్టలు ఎవరో సర్దుతారు, కాగితాల మీద ఎవరో సంతకం పెడతారు, తన కబుర్లు తనకంటే ముందే కొత్తింటికి చేరిపోతాయి. కింద చెప్పిన ప్రతి పనిలోనూ ఆమెకు తెలిసి జరుగుతోందా, ఆమె చెయ్యి కూడా పడుతోందా అని చూసుకోండి. మిగతావి సర్దుకుంటాయి.

మొదట చెప్పడం. బయల్దేరే ముందురోజు దాకా దాచి, "ముందే చెబితే ఏడుస్తుంది" అనుకునేవాళ్లే ఎక్కువ. పదకొండేళ్ల పిల్లకు ఈపాటికే అనుమానం వచ్చి ఉంటుంది. ఫోన్లు, గుసగుసలు, డీసీపీయూ (జిల్లా బాలల రక్షణ విభాగం) వాళ్ల రాకపోకలు చూస్తూనే ఉంది కదా. ఈ వారంలోనే చెప్పండి. సెలవురోజు పగటిపూట, టీవీ ఆపి, మీ ఇద్దరూ కూర్చుని చెప్పండి. పడుకోబోయే ముందు, బడికి వెళ్లబోయే ముందు వద్దు. ఎవరు నిర్ణయించారు, ఎందుకు, ఎప్పుడు, ఏది మారదు అన్న నాలుగూ అందులో ఉండాలి. "నిన్నూ తమ్ముణ్ణీ ఒకే ఇంట్లో ఉంచాలని కమిటీ వాళ్లు అనుకున్నారు. ఫలానా ఊళ్లో ఒక అత్తయ్యా మామయ్యా ఇద్దర్నీ చూసుకుంటామన్నారు. పరీక్షలయ్యాక వెళ్తావు. నువ్వేదో తప్పు చేశావని పంపడం లేదు. ఆదివారం ఆదివారం మనం ఫోన్లో మాట్లాడుకుందాం." ఆ చివరి వాక్యం డీసీపీయూతో, కొత్త కుటుంబంతో ఖాయం చేసుకున్నాకే అనండి. "నాలుగు రోజులు ఉండి చూడు, నచ్చకపోతే వచ్చెయ్" అనొద్దు. "బంగారంలా చూసుకుంటారు" అని కూడా అనొద్దు, ఆ హామీ ఇవ్వడం మీ చేతిలో లేదు. సినిమాకని చెప్పి తీసుకెళ్లి దించి వచ్చేస్తే ఆ పిల్ల తర్వాత ఎవరు పిలిచినా నమ్మి బండెక్కదు.

విన్నాక ఏడవొచ్చు, ఏమీ పట్టనట్టు ఆడుకోవడానికి వెళ్లిపోవచ్చు, రెండు రోజుల తర్వాత చిన్నదానికి పెద్ద గొడవ చేయొచ్చు. ఒకే ప్రశ్న పదిసార్లు అడిగితే పదిసార్లూ అదే జవాబు చెప్పండి. జవాబు మారితే ఏదో దాస్తున్నారని అనుకుంటుంది. వెళ్లే ముందు కమిటీతో మాట్లాడాలని ఆమె అంటే ఆ ఏర్పాటు చేయమని డీసీపీయూని అడగండి. పిల్లల మాట వినడం అదే చట్టం 3వ సెక్షన్‌లోని సూత్రాల్లో ఒకటి. కమిటీ కూర్చునే చోటు కోర్టులా ఉండకూడదు, ఎత్తైన వేదిక ఉండకూడదు అని నిబంధనల్లోనే ఉంది. ఆ సంగతి పాపకు ముందే చెబితే బెరుకు తగ్గుతుంది.

మూడు వారాల్లో డీసీపీయూ అనుమతితో మూడు కలయికలు కుదురుతాయి. మొదటిది మీ ఇంట్లో, గంటసేపు: కొత్తవాళ్లు వస్తారు, పాప తనకిష్టమైతే తన పుస్తకాలూ బొమ్మలూ చూపిస్తుంది. రెండోది వాళ్ల ఇంట్లో పగలు, భోజనంతో. మూడోది తమ్ముడు కూడా ఉండగా ఒక రాత్రి. ఆ మూడోసారి టూత్‌బ్రష్షు, ఒక జత బట్టలు అక్కడే ఉంచి వస్తే ఆఖరి ప్రయాణంలో ఆమె ఇదివరకు ఎరిగిన ఇంటికే వెళ్తుంది. దూరం వల్ల మూడూ కుదరకపోతే రెండోది మాత్రం వదలొద్దు. పడుకునే చోటు, బాత్రూం గొళ్లెం, ఇంట్లో ఎవరెవరుంటారు, కుక్క ఉందా అన్నవి వీడియో కాల్లో సరిగ్గా తెలియవు.

ఇక సామాను. యూరియా సంచి, బియ్యం బస్తా, దుప్పట్లో కట్టిన మూట, బట్టల షాపు కవర్లు. హోమ్‌ల నుంచి, ఇళ్ల నుంచి పిల్లలు ఇలాగే బయటికి రావడం మామూలైపోయింది. మోయడం తేలికే, కానీ చెత్తను అలాగే బయటికి పంపుతాం కాబట్టి పిల్లలకు విషయం అర్థమైపోతుంది. పైగా కవరు బస్టాండులో చిరిగితే లోబట్టలు నలుగురి ముందూ కింద పడతాయి. ఒక మంచి బ్యాగు కొనండి, లేదా హాస్టల్ పిల్లలు వాడే ట్రంకుపెట్టె. రంగు పాప ఎంచుకోవాలి. ట్రంకుకు తాళం ఉంటుంది, కొత్తింట్లో బీరువాలో చోటు దొరికేదాకా అదే ఆమె బీరువా. ట్రాలీ అయితే 60 సెంటీమీటర్లది ఆర్టీసీ బస్సులో సులువుగా పడుతుంది. ఏదైనా సంస్థ బ్యాగు ఉచితంగా ఇస్తానంటే మంచిదే, దాని మీద సంస్థ పేరు, "అనాథ", "చైల్డ్ కేర్" లాంటి ముద్ర ఉంటే మాత్రం వద్దనండి. బడికి వెళ్లేటప్పుడు కూడా ఆ బ్యాగే వాడాల్సి వస్తే క్లాసంతా చదువుతుంది.

పెద్ద బ్యాగుతోపాటు ఒక చిన్న భుజం సంచి ఉండాలి. అది ప్రయాణంలో డిక్కీలోకి పోదు, ఆమె ఒళ్లోనే ఉంటుంది. పిల్లల బడి సంచి బరువు వాళ్ల బరువులో పదో వంతు దాటకూడదని 2020 బడి సంచుల విధానం చెబుతుంది, ఇక్కడా అదే కొలత పెట్టుకోండి: 30 కిలోల పిల్లకు 3 కిలోలు. అందులో నీళ్ల సీసా, ఒక జత బట్టలు, వాంతి కవర్లు, ఆ రోజు మందులు, తువ్వాలు, ఆమెకు ప్రాణమైన వస్తువు ఏదైనా, ఫోన్ నంబర్లు చేత్తో రాసిన చిన్న నోటుబుక్కు పెట్టండి. నంబర్లు ఫోన్లో ఉంటే చాలదు, ఫోను ఆమెది కాదుగా. మీ నంబరు, డీసీపీయూ సోషల్ వర్కర్ నంబరు, దగ్గరి స్నేహితురాలి ఇంటి నంబరు, పిల్లల హెల్ప్‌లైన్ 1098.

సర్దడం ఆమెతోపాటే, రెండు మూడు సాయంత్రాల్లో చేయండి. ఏది తీసుకెళ్లాలో, ఏది మీ ఇంట్లోని చిన్నదానికి ఇవ్వాలో, ఏది పారేయాలో ఆమే చెప్పాలి. మీ కంటికి చిరిగిన గౌను పనికిరానిది, ఆమె దగ్గర అది అమ్మ కొన్నదేమో. రోజు బట్టలు ఆరు జతలు, లోబట్టలు ఎనిమిది, రెండు దుప్పట్లు, తువ్వాళ్లు రెండు, చెప్పులు, బడి బూట్లు ఉంటే మొదటి పది రోజులు ఎవర్నీ ఏదీ అడగాల్సిన పని ఉండదు. లోబట్టలు అడగడం పిల్లలకు చచ్చేంత సిగ్గు, అందుకే అవి ఎక్కువే పెట్టండి. పదకొండేళ్లంటే నెలసరి మొదలై ఉండొచ్చు, రేపోమాపో మొదలవ్వొచ్చు. రెండు ప్యాకెట్ల ప్యాడ్లు, చుట్టి పారేయడానికి పాత పేపర్లు, ఒక ముదురురంగు లోబట్టల జత ఒక గుడ్డ సంచిలో పెట్టి, అది ఎక్కడుందో ఆమెకు మాత్రమే చెప్పండి. ఇప్పుడు వాడుతున్న సబ్బు, కొబ్బరినూనె అవే కొత్తవి కొని పెట్టండి. దిండుగలీబు, కప్పుకునే దుప్పటి ఉతక్కుండా పంపండి, కొత్తింటివాళ్లకు కూడా ఆమె అడిగేదాకా ఉతకొద్దని చెప్పండి. తెలిసిన వాసన మధ్య నిద్ర తొందరగా పడుతుంది. మీ ఇంటి ఆవకాయ ఆమెకు ఇష్టమైతే చిన్న స్టీలు డబ్బాలో, రెండు కవర్లు చుట్టి. కొత్తింటి కూర నోటికి పట్టనప్పుడు దాంతో రెండు ముద్దలు దిగుతాయి.

ఫోస్టర్ కేర్ కింద నెలకు వచ్చే 4,000 రూపాయలతో కొన్నవి ఆమెవే. సైకిలు, డ్రాయింగ్ సామాను, వెండి పట్టీలు, పుట్టినరోజుకు మీరు పెట్టిన గడియారం, అన్నీ వెళ్లాలి. "సైకిలు ఇక్కడుంటే చిన్నది తొక్కుకుంటుంది" అన్న చోటే గొడవలు మొదలవుతాయి. వస్తువుల జాబితా రెండు కాపీలు రాయండి: ఒకటి సోషల్ వర్కర్‌కు, ఒకటి పాపకు. ఆమెతోనే రాయిస్తే ఇంకా మంచిది.

ఫొటోలు ప్రింటు వేయించండి, పదిహేనో ఇరవయ్యో, వెనక పేర్లు, ఊరు, నెల రాసి. బడి మొదటిరోజు, ఊడిన పన్ను, మీ ఇంటి గుమ్మం, పక్కింటి అవ్వ. ఆమె పాత ఆల్బం ఏదైనా ఉంటే దాని తర్వాత పేజీల్లోనే అతికించండి, ఏడాదిన్నర ఖాళీ రాకూడదు. అయితే మీ వాట్సాప్ స్టేటస్‌లో "మా బంగారు తల్లికి వీడ్కోలు" అని ఫొటో పెట్టొద్దు. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలో, రెండు లక్షల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. బ్యాగు ఇచ్చే దాతలు ఫొటో అడిగినా జవాబు ఇదే.

కబుర్ల సంగతి. కొత్త తల్లికి ఒక పేజీ రాసివ్వండి: ఎన్నింటికి లేస్తుంది, ఏం తినదు, దేనికి భయపడుతుంది, లైటు ఆపితే పడుకుంటుందా, తలకు నూనె ఏ రోజు, కోపమొస్తే ఎలా వదిలేయాలి, ఎలర్జీలు, మందులు. రాశాక పాపకు చదివి వినిపించండి. ఆమె కొట్టేయమన్నది, ప్రాణానికి సంబంధించింది కాకపోతే, కొట్టేయండి. రాత్రి పక్క తడిపే అలవాటు లాంటివి కాగితం మీద వద్దు. ఆమెతో చెప్పి, కొత్త తల్లికి విడిగా నోటిమాటగా చెప్పండి, పరుపు మీద రెక్సిన్ షీటు ముందే వేసి ఉంచమనండి. ఇల్లు మారిన మొదటి వారాల్లో మానేసిన అలవాటు మళ్లీ రావడం సహజం. పాప వెనకటి కథ, ఇంట్లో ఏం జరిగింది, ఎవరు కొట్టారు లాంటివి మీ పేజీలోకి రాకూడదు. అందులో కొత్తవాళ్లు తెలుసుకోవాల్సినంత వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ద్వారా డీసీపీయూ చెబుతుంది.

మందులు వాడే పిల్ల అయితే 30 రోజులకు సరిపడా, డాక్టరు చీటీ నకలుతో. మూర్ఛ మందు రెండు రోజులు ఆగినా ఫిట్స్ తిరిగి రావచ్చు, కాబట్టి కొత్త ఊళ్లో డాక్టరు అపాయింట్‌మెంట్ ముందే తీసుకోవాలి. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) మందుల మీద ఉన్న పిల్లలకు పాత కేంద్రం నుంచి బదిలీ పత్రం కావాలి. ఆ వివరం బడికీ చుట్టాలకూ పొక్కకూడదు, 2017 హెచ్‌ఐవీ చట్టం దానికి రక్షణ ఇస్తుంది. పదేళ్లకు వేసే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా పడిందో లేదో కార్డులో చూడండి.

బడి కాగితాల్లో తేడా వస్తే పదో తరగతి దాకా పిల్లల్ని వెంటాడుతుంది. టీసీ, ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్, మార్కుల వివరాలు, పెన్ నంబరు (బడి మారినా మారని విద్యార్థి శాశ్వత నంబరు), ఆధార్, జనన ధ్రువపత్రం, ఉంటే కుల ధ్రువపత్రం తీసుకోండి. స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే ఎందుకంటే రేపు పై చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికత లెక్క వాటి మీదే నడుస్తుంది. ఇల్లిల్లూ మారిన పిల్ల పద్దెనిమిదేళ్లప్పుడు నాలుగు ఊళ్లు తిరిగి అవి తెచ్చుకోలేదు. టీసీ చేతికి రాగానే అక్కడే నిలబడి చదవండి. పేరు, ఇంటిపేరు ఆధార్‌తో అక్షరం అక్షరం కలవాలి. బడి మానడానికి కారణం అన్న గడిలో "నివాసం మార్పు" అని మాత్రమే ఉండాలి. "అనాథ", "హోమ్ పిల్ల", "ఫోస్టర్" అని ఎవరైనా రాసి ఉంటే కొత్తది రాయించండి. టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు, విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ఆ మాట చెబుతుంది. కావాలని జాప్యం చేసే హెడ్‌మాస్టరు మీద క్రమశిక్షణ చర్యకు కూడా అందులో వీలుంది. ఆ మాట మర్యాదగా గుర్తుచేస్తే చాలు, సాధారణంగా అదే రోజు ఇచ్చేస్తారు. రెండు ఇళ్లూ ఒకే రాష్ట్రంలో ఉంటే ప్రభుత్వ బడి పుస్తకాలు, యూనిఫాం అక్కడా పనికొస్తాయి, పారేయొద్దు. ఈ ఏడాది కిట్టు మళ్లీ ఇస్తారన్న నమ్మకం లేదు.

తేదీ పరీక్షల మధ్యలో పడకుండా చూడమనండి. దసరా, సంక్రాంతి సెలవులు బాగానే కుదురుతాయి, కాకపోతే పండగరోజే దించొద్దు. చుట్టాలు ఇరవై మంది ఉన్న ఇంట్లో "ఎవరీ పిల్ల? ఇంటిపేరేంటి? ఏ కులం?" అన్న ప్రశ్నల మధ్య మొదటి అన్నం తినాల్సి వస్తుంది. పండక్కి నాలుగు రోజుల ముందైనా, అయిపోయాకైనా మంచిది. శుక్రవారం సాయంత్రం కూడా వద్దు: ఏదైనా తేడా వస్తే శని, ఆదివారాల్లో ఆఫీసులో పలికేవాళ్లు ఉండరు. "ఎవరీ పిల్ల" అన్నదానికి మాత్రం ఒక జవాబు ముందే అనుకోవాలి, పాపతో కలిసి. "మా అమ్మాయే, మా దగ్గరుండి చదువుకుంటోంది" అన్నది చాలా ఇళ్లలో సరిపోతుంది. కొత్తవాళ్లను ఏమని పిలవాలన్నది ఆమె ఇష్టం. అమ్మా నాన్నా అనమని ఒత్తిడి పెట్టొద్దని చెప్పండి. పిన్ని, బాబాయ్, పెద్దమ్మ, అత్తయ్య... మన భాషలో దారులు చాలా ఉన్నాయి.

ఆ రోజు పొద్దున టిఫిన్ తిన్నాక బయల్దేరండి. పోలీసు బండి, యూనిఫాం ఏదీ కనిపించకూడదు. పిల్లలతో మాట్లాడే పోలీసులు వీలైనంతవరకు మామూలు బట్టల్లోనే ఉండాలని నిబంధన. మీలో ఒకరైనా వెంట వెళ్లండి. బడి నుంచి నేరుగా, తోటి పిల్లల ఎదుట తీసుకెళ్లడం తగదు, స్నేహితులకు వీడ్కోలు ముందురోజే అయిపోవాలి. బొట్టుపెట్టి, కొత్తబట్టలిచ్చి పంపడం మన పద్ధతి, పాపకు ఇష్టమైతే చేయండి. ఆమె పుట్టిన మతం వేరైతే ఆ పద్ధతి అడగండి. అప్పగింత సంతకాలు ముందుగానీ, పక్కగదిలోగానీ కానిచ్చేయాలి. హాల్లో ఆమె తల మీదుగా కాగితాలు చేతులు మారితే సరుకు దించినట్టుంటుంది. అక్కడ అన్నం తిని, ఒక గంట ఉండి, "నేను వెళ్తున్నాను, ఆదివారం ఫోన్ చేస్తాను" అని మొహం చూసి చెప్పి రండి. బాత్రూంలో ఉన్నప్పుడు జారుకోవద్దు. ఏడుస్తుందనే కదా జారుకునేది? ఏడవనివ్వండి.

తమ్ముడిది ఇంకో లెక్క. హోమ్ నుంచి వచ్చేవాళ్లకు గుండు చేయించి పంపే అలవాటు కొన్నిచోట్ల ఉంది, పేలకు అదే మందని. వద్దని సూపరింటెండెంట్‌కు ముందే చెప్పించండి. పర్మెత్రిన్ 1 శాతం లోషన్ తలస్నానం చేసి తుడిచిన జుట్టుకు పట్టించి పది నిమిషాలకు కడిగేయాలి, తొమ్మిదో రోజున ఇంకోసారి. ఈర్లు మొదటిసారి చావవు కాబట్టే రెండోసారి. మధ్యలో రెండు మూడు రోజులకోసారి పేల దువ్వెన. అక్కాతమ్ముళ్లు ఇద్దరికీ ఒకేసారి చేయాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటాయి. హోమ్‌లో చేరిన రోజు అతని దగ్గరున్న డబ్బు, దండ, ఉంగరం లాంటివి రిజిస్టరులో రాసి దాస్తారు, వచ్చేటప్పుడు అడిగి తీసుకోవాలి. ఒంటిమీది బట్టలు స్టాకు లెక్క అని విప్పించుకునే చోట కొత్త జత ముందురోజే పంపితే సరి.

కొత్తింట్లో వాడు మంచినీళ్లు తాగడానికి కూడా అనుమతి అడుగుతాడు, బిస్కెట్లు దిండు కింద దాస్తాడు. దొంగతనం అని తిట్టొద్దు. మూతున్న ఒక డబ్బా వాడి పేరుతో పెట్టి చిక్కీలు, మరమరాలు నింపుతూ ఉంటే కొన్ని వారాల్లో దాచడం తగ్గుతుంది. ఇద్దరికీ ఒకే అల్మారా ఇవ్వొద్దు, చెరో అరా, చెరో తాళంచెవీ. "నువ్వు పెద్దదానివి, తమ్ముణ్ణి చూసుకో" అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ అనకూడదని గట్టిగా చెప్పండి. ఇన్నాళ్లూ దూరంగా ఉన్న అక్క తనంతట తనే తల్లి అయిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. పదకొండేళ్లకు అది మోయలేని బరువు.

ఈ ప్రశ్న చదివే మిగతా ఫోస్టర్ కుటుంబాలకు: మూడు వారాలు అందరికీ దొరకవు. కొన్నిసార్లు గంటలో పంపాల్సి వస్తుంది. ఒక ఖాళీ బ్యాగు ఇంట్లో ఎప్పుడూ ఉంచుకోండి. ముందు మందులు, ప్రాణమైన వస్తువు, లోబట్టలు, బడి సంచి, కాగితాలు. మిగతావి మూడు రోజుల్లో ఫలానావారు తెచ్చిస్తారని పేరుతో సహా పిల్లకు చెప్పి, ఆ ప్రకారమే చేరేయండి. కమిటీ రాతపూర్వక ఉత్తర్వు లేకుండా, "వాళ్లు అడిగారు, పంపించాం" అన్నట్టు మాత్రం ఎప్పుడూ వద్దు.

వెళ్లాక ఆదివారం ఫోనుకు పది నిమిషాలు చాలు. "ఎవరు బాగా చూసుకుంటున్నారు, మేమా వాళ్లా" అని సరదాకైనా అడగొద్దు. మాట్లాడనంటే "సరే, వచ్చే ఆదివారం చేస్తాను" అని నిజంగా చేయండి. ఏదైనా ఇబ్బంది చెబితే కొత్త కుటుంబంతో తగవు పెట్టుకోకుండా డీసీపీయూకి చెప్పండి. కమిటీ నెలనెలా ఫోస్టర్ ఇళ్లను చూసి రావాలని జువెనైల్ జస్టిస్ చట్టం 44వ సెక్షన్‌లోనే ఉంది.

చాలామంది మర్చిపోయేది పాప ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు. అది మీది అయి ఉంటుంది. బడి చేరిక నుంచి బ్యాంకు ఖాతా దాకా ఓటీపీ దానికే వస్తుంది. కొత్త జిల్లాలో ఆధార్ కేంద్రానికి ఆమెను తీసుకెళ్లి నంబరు, చిరునామా మార్పించేదాకా మీ సిమ్ము మార్చకండి, కొత్త కుటుంబం ఓటీపీ అడిగినప్పుడు వెంటనే చెప్పండి. పదిహేనేళ్లు నిండాక వేలిముద్రలు మళ్లీ ఇవ్వాలన్నది కూడా కొత్తవాళ్లకు రాసి పెట్టండి.